ముహూర్తానికి వెలిగిన పచ్చలైటు

నాలుగు చోట్ల పనిచేసింది ఐదో చోటా పనిచేస్తుంది. గవర్నరుపేటలో ఇరవై ఆరేళ్లు టెలిఫోను ఇంటర్‌కమ్‌ల వ్యాపారం చేసి నేను నేర్చుకున్న సూత్రం ఇదొక్కటే. అది నన్నెప్పుడూ మోసం చెయ్యలేదు, రెండువేల పదకొండు ఎండాకాలంలో తప్ప. ఆ ఒక్కసారికీ మూల్యం చెల్లించింది నేను కాదు. చేపలమ్ముకునే కొండలమ్మ చెల్లించింది. మిగతాది మా బావమరిది జయకృష్ణ చెల్లించాడు. ఇంకా ఎవరు చెల్లిస్తున్నారో నాకు చాలా రోజులదాకా తెలియలేదు.

జయకృష్ణ పిల్లల డాక్టరు. చల్లపల్లిలో ఇరవై మంచాల ఆసుపత్రి నడిపేవాడు. చెన్నైలో ఎవరో తీసేసిన స్కానింగు మిషను కొని తెచ్చి మేడమీద పెట్టాడు. మిషనుంది గానీ ఆ బొమ్మలు చదివే డాక్టరు ఊళ్లో లేరు. బెజవాడ సూర్యారావుపేటలో ఒక మేడమ్ చదువుతారు. బొమ్మలు ఆవిడకి ఫోను లైను మీద పోవాలి. ఇంటర్నెట్టు అక్కడ రోజుకి పదిసార్లు పోయేది కాబట్టి ఐఎస్‌డీఎన్ లైను పెట్టించుకున్నాడు. మాటలూ డేటా రెండూ పోయే టెలిఫోను లైను అది. స్కాను గదిలోంచి నేరుగా డయల్ చేస్తే నేరుగా బెజవాడలో మోగుతుంది. ఏడాదిపాటు బాగానే నడిచింది.

మధ్యలో నేను దూరాను. "అంత లైను పెట్టుకుని రోజుకి నాలుగు స్కాన్లు పంపడమేంట్రా? నా పెట్టె ఒకటి మధ్యలో పెడితే అదే లైను మీద ఆసుపత్రి ఫోన్లన్నీ నడుస్తాయి" అన్నాను. నా పెట్టె అంటే ఒక పాత కంప్యూటరు, దాంట్లో లైను దిగే కార్డు, ఓపెన్ సోర్స్ ఎక్స్‌ఛేంజి సాఫ్ట్‌వేరు. ఆ సాఫ్ట్‌వేరు ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా విప్పి మార్చుకోవచ్చు. అప్పటికి బెజవాడలో నాలుగు హోటళ్లకి అవే పెట్టాను. ఒక్కరూ వేలెత్తి చూపలేదు.

ఫిబ్రవరి ఆఖరి శుక్రవారం, పది గంటల యాభై రెండు నిమిషాలకి ముహూర్తం. మా ఆవిడ కనకలక్ష్మి తమ్ముడి కోసం పంతులుగారిచేత పెట్టించింది. పూలదండ వేసిన పెట్టె ముందు పళ్లెంలో కొబ్బరికాయ, నిమ్మకాయలు. పది నలభై అయినా పెట్టె మీద లైటు ఎర్రగానే ఉంది. ఒక నిమిషం పచ్చగా మారుతుంది, మళ్లీ ఎరుపు.

"సుధామణి ఏదీ?" అన్నాను.

"మేడమీద స్కాను గదిలో తీగలు బిగిస్తోంది బావా" అన్నాడు జయకృష్ణ.

సుధామణి మా షాపులో తొమ్మిదేళ్లుగా పనిచేసే మనిషి. నాగాయలంక దగ్గర పల్లె వాళ్లది. చేపల వేట ఇంట్లోంచి వచ్చి బెజవాడలో కంప్యూటరు డిప్లొమా చేసింది. ముప్పైనాలుగేళ్లుంటాయి. నా వ్యాపారంలో తెలివి నాది, చదువు ఆవిడది. పిలిస్తే వచ్చేదే. పిలిచి, ఆవిడ దిగి వచ్చి, అన్నీ చూసి చేసేలోపు ముహూర్తం దాటిపోతుంది.

"ఏవండీ, ఇంక ఆరు నిమిషాలే" అంది కనకలక్ష్మి.

రెండో హోటల్లో ఇలాంటి ఎర్రలైటే వస్తే సుధామణి సెట్టింగుల్లో ఒక అంకె మార్చింది. వెనక నిలబడి చూశాను. నాలుగో హోటల్లో నేనే మార్చాను. ఇక్కడా కుర్చీ లాక్కుని కూర్చుని, ఒకటి ఉన్న చోట సున్నా కొట్టాను. లైటు పచ్చబడింది. ఇంక కదల్లేదు.

"చూశావా మీ బావని!" అని కనకలక్ష్మి కొబ్బరికాయ కొట్టింది.

మొదటి ఫోను జయకృష్ణ బెజవాడ మేడమ్‌గారికే చేశాడు. స్పీకరులో ఆవిడ గొంతు గదంతా వినపడింది. "పక్క గదిలోంచి మాట్లాడినట్టుంది డాక్టరుగారూ" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నర్సులకి లడ్డూలు పంచారు.

సుధామణి చేతులు తుడుచుకుంటూ దిగి వచ్చింది. "స్కాను కూడా ఒకటి పంపి చూద్దామండీ" అంది.

"మాట వినపడిందా లేదా?"

"వినపడిందండీ. మాట వేరు, డేటా వేరు కదండీ."

"లైనొకటే కదమ్మా. అవతల భోజనాలు చల్లారిపోతున్నాయి."

సాయంత్రం ఒక చెయ్యి ఎక్స్‌రే పంపింది. పోయింది. పని పూర్తయిందని కాగితం మీద జయకృష్ణ చేత సంతకం పెట్టించుకుని బెజవాడ బయల్దేరాం.

మార్చిలో ఫోన్లు మొదలయ్యాయి. "బావా, చిన్నవి పోతున్నాయి. పెద్ద స్కాన్లు సగంలో ఆగిపోతున్నాయి" అనేవాడు. మళ్లీ పంపమనేవాణ్ని. రెండోసారికో మూడోసారికో పోయేవి. పోయాయంటే పని జరిగినట్టే కదా అనుకునేవాణ్ని. ఎండలకి ఎక్కడో తీగ అతుకులు వదులై ఉంటాయని టెలిఫోను ఆఫీసుకి ఫిర్యాదు రాసిచ్చాను. లైన్‌మన్ ఆమోసు వచ్చి తన మీటరు తగిలించి చూశాడు.

"లైను శుభ్రంగా ఉందండీ పున్నయ్యగారూ" అన్నాడు ఫోనులో. "నాకు అరవై రోజుల్లో రిటైర్‌మెంటు. ఈ వయసులో మీ బావమరిది కోసం అబద్ధం ఆడను. ఏదైనా ఉంటే మీ పెట్టెలోనే చూసుకోండి."

సుధామణీ అదే అంది. "టైమింగు జారుతోందనుకుంటానండీ."

"అంటే?"

"మా ఊళ్లో రొయ్యల గంపని కర్రకి కట్టి ముందొకళ్లు, వెనకొకళ్లు మోస్తారండీ. వెనకాయన ముందాయన అడుగు చూసి అడుగెయ్యాలి. ఎవరి నడక వాళ్లు నడిస్తే పదడుగుల దాకా ఏం తెలీదు. ఆ తర్వాత గంప ఊగి నాలుగు రొయ్యలు కింద పడతాయి. మాటల్లో నాలుగు రొయ్యలు పడితే ఎవరికి తెలుస్తుందండీ? టిక్కుమని చిన్న చప్పుడు, అంతే. స్కానులో పడితే మొత్తం గంప వెనక్కి పంపేస్తారు. చిన్న గంపలైతే ఊగేలోపే చేరిపోతాయి. అందుకే ఎక్స్‌రేలు పోతున్నాయి."

"సరిచెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఎక్కడ జారుతోందో పట్టుకోవాలి కదండీ. ఓ రోజు ఇవ్వండి. వెళ్లొస్తాను."

ఆ రోజు ఇవ్వలేదు. అది పెళ్లిళ్ల కాలం. ఏలూరు రోడ్డులో కొత్త హోటలు ఒకటి, మూడంతస్తుల కల్యాణమండపంతో సహా, నా చేతికొచ్చింది. ఉగాదిలోపు ఫోన్లన్నీ మోగాలని షరతు. సుధామణి లేకపోతే అక్కడ ఒక్క ఫోనూ మోగదు. బావమరిది ఎక్కడికీ పోడు, హోటలు పోతుంది. ఎవరైనా వ్యాపారిని అడగండి, అదే చెబుతాడు. ఉగాది తర్వాత వెళ్దువుగాని అన్నాను. ఉగాది తర్వాత ఇంకో పని వచ్చింది.

ఏప్రిల్ పదిహేనున మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి భోజనానికి కూర్చున్నాను. జయకృష్ణ ఫోను.

"బావా, స్కాను పోవట్లేదు."

"మళ్లీ పంపు."

"రెండుసార్లు పంపాను. ఇది కొంచెం అర్జెంటు. కాలవ మలుపులో ఆటో పల్టీ కొట్టింది. చేపలావిడ, తలకి దెబ్బ. మనిషి బాగానే మాట్లాడుతోంది. ఒక్కసారే వాంతయింది. బొమ్మలో సన్నటి చారలాంటిదేదో ఉంది. నీడో నెత్తురో నాకు తేలడం లేదు. మేడమ్ చూస్తే గానీ..."

"మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పలేకపోయావా?"

"చెప్పాను. చూడకుండా నేనేం చెప్పనూ, బొమ్మ పంపండి అంటోంది. అనుమానంగా ఉంటే మనిషినే పంపించెయ్యమంది. ఈవిడేమో కదలనంటోంది. గంపలో చేపలు చెడిపోతాయట. మొగుణ్ని తిడుతోంది, బేరాలు పాడు చేశావని. అంత హుషారుగా ఉంది."

"అయితే కంగారెందుకు? ఇంకోసారి పంపు. ఎండ తగ్గాక దానంతటదే పోతుంది. ఇప్పటిదాకా పోలేదా ఏంటి?"

"పోయాయనుకో" అన్నాడు.

ఆ మాట మీద ఇద్దరం ఫోను పెట్టేశాం. కనకలక్ష్మి మజ్జిగ పోసింది. నేను భోజనం పూర్తి చేశాను.

నాలుగింటికి కొండలమ్మ ఉన్నట్టుండి తలనొప్పి అందట. నాలుగున్నరకి మాట ముద్దయింది. అప్పుడు అంబులెన్సు ఎక్కించారు. ఉయ్యూరు దాటాక ఊపిరి ఆగిపోయింది. నలభై ఎనిమిదేళ్లు. మొగుడు పోలరాజు అంబులెన్సులో పక్కనే ఉన్నాడు. మర్నాడు వాళ్ల వాళ్లు రెండు ట్రాక్టర్లలో వచ్చి ఆసుపత్రి అద్దాలు పగలగొట్టారు. జయకృష్ణ మేడమీద గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాడు. నర్సులు మానేశారు. మంచాలన్నీ రెండు రోజుల్లో ఖాళీ అయ్యాయి.

తొమ్మిదో రోజున తెల్లారకముందే జయకృష్ణ ఫోను చేశాడు. "జిల్లా నుంచి విచారణకి ఆఫీసరు రేపొస్తున్నాడు బావా. లైను పనిచేస్తుందా లేదా అని చూస్తాడట."

ఇప్పుడు రోజు దొరికింది. సుధామణిని తీసుకుని పొద్దున్నే బయల్దేరాను. పామర్రు దాటాం. ఆ తర్వాత, "కొండలమ్మ మాకు చుట్టం కాదు గానీ, మా అమ్మ దగ్గర చేపలు పట్టుకెళ్లేదండీ" అంది.

ఆసుపత్రి ముందు గాజుపెంకులు ఊడ్చి ఓ మూల పోశారు. రిసెప్షన్లో ఎవరూ లేరు. పెట్టె మీద దండ ఎండిపోయి వేలాడుతోంది, పచ్చలైటు మాత్రం వెలుగుతూనే ఉంది. సుధామణి కూర్చుని ఒక్కొక్క సెట్టింగూ తెరుస్తూ పోయింది. పావుగంట తర్వాత ఆగింది.

"ఇది నేను పెట్టలేదండీ" అంది.

తెర మీద సున్నా ఉంది.

"ఇక్కడ ఒకటి ఉంటే పెట్టె లైను వెనకాలే నడుస్తుందండీ, దాని అడుగు చూసి. సున్నా అయితే తన నడక తను నడుస్తుంది." ఇంకో ఫైలు తెరిచింది. "మార్చిన టైము కూడా ఉంది. ఫిబ్రవరి ఇరవై అయిదు, పది నలభై ఏడు."

"హోటల్లో నువ్వే కదా ఇలా..."

"హోటల్లో స్కాన్లు పంపరు కదండీ."

ఆవిడ గొంతులో కోపం లేదు. తేదీ చదివినట్టే ఆ మాటా చదివింది. "మార్చెయ్" అన్నాను.

మార్చింది. లైటు ఎర్రబడి, పచ్చబడి, ఎర్రబడింది. కార్డు పక్కనున్న తీగ తీసి శుభ్రంగా తుడిచి మళ్లీ గుచ్చింది. పచ్చబడి నిలిచింది. ముహూర్తం రోజున చెయ్యాల్సింది అంతే. తీగ తుడవడం. "ఇప్పుడు చూడాలి" అని మేడమీదికి వెళ్లి స్కాను గదిలో కంప్యూటరు వేసింది. నేను కింద రిసెప్షన్లోనే కూర్చున్నాను.

పైనుంచి కేక వేసింది. "పోతోందండీ! దానంతటదే పంపేస్తోంది. క్యూలో ఆగిపోయింది ఒకటి ఉంది."

"ఎంతవరకు పోయింది?"

"సగం దాటింది... పోయిందండీ. మొత్తం పోయింది. ఒక్క తప్పు లేదు."

ఇరవై ఆరేళ్లలో నేను చేయించిన పనుల్లో అంత శుభ్రంగా జరిగింది ఇంకోటి లేదు. ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ పోసుకున్నాను. టీ చివరి గుక్కలో ఉండగా రిసెప్షన్ ఫోను మోగింది. ఎత్తడానికి ఇంకెవరూ లేరు.

"చల్లపల్లి ఆసుపత్రేనా? డాక్టరుగారున్నారా?" మేడమ్‌గారి గొంతు. "లేకపోతే మీరే చెప్పండి. కొండలమ్మ అనే పేషెంటు స్కాను ఇప్పుడే వచ్చింది. ఎడమపక్క నెత్తురు చేరింది. పేషెంటు మాట్లాడుతోందా? మాట్లాడుతున్నా సరే, నమ్మొద్దు. ఒక్క నిమిషం ఆగొద్దు. వెంటనే ఎక్కించి పంపించెయ్యండి. ఇక్కడ ఆపరేషన్‌కి నేను చెప్పి పెడతాను. రెండు గంటల్లో వచ్చేస్తే ఏం భయం లేదు. హలో? వినపడుతోందాండీ?"

"వినపడుతోందండీ" అన్నాను.

"అయితే పలకరేం?"

"మేడమ్, స్కాను మీద తేదీ చూడండి."

అవతల కాగితం చప్పుడో, కుర్చీ చప్పుడో. ఆవిడే ఫోను పెట్టేసింది. సుధామణి మెట్ల మీద నిలబడి ఉంది. ఎప్పుడు దిగి వచ్చిందో నేను చూడలేదు.

సాయంత్రం జయకృష్ణ వచ్చి, "ఎట్టా ఉంది బావా?" అన్నాడు. గడ్డం పెరిగింది. చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నాడు.

"బాగానే ఉంది. దానంతటదే సర్దుకుంది" అన్నాను.

ఆ సీజన్లో నేను ఆడిన అబద్ధం అదొక్కటే. మర్నాడు ఆఫీసరు ముందు చెప్పినవన్నీ నిజాలే. లైను ఇప్పుడు పనిచేస్తోందా అన్నాడు, చేస్తోందన్నాను, పంపి చూపించాను. పెట్టిన రోజున పరీక్షించారా అన్నాడు, పరీక్షించి డాక్టరుగారి సంతకం తీసుకున్నామన్నాను, కాగితం చూపించాను. ఆ మధ్యాహ్నం మీకు ఫోన్ చేశాడా అన్నాడు, చేశాడు, మళ్లీ పంపమన్నానన్నాను.

ఆఫీసరు జయకృష్ణ వైపు తిరిగాడు. "బొమ్మ పోనప్పుడు మనిషిని పంపాలి కదయ్యా. అంతమాత్రం తెలీదా?"

"తెలుసు సార్."

"లైను చెడిపోయిందంటారు. ఈయనేమో బాగానే ఉందంటున్నారు."

"బావ చెప్పాడంటే అలాగే ఉంటుంది సార్" అన్నాడు జయకృష్ణ. నా వైపు చూడలేదు. అనుమానంతో కాదు. నన్ను ఇరికించానేమోనని మొహమాటపడి.

స్కానింగు మిషనుకి సీలు వేశారు. నెల తిరక్కుండా ఆసుపత్రి బోర్డు దించాడు. ఇప్పుడు ఇంకొకళ్ల ఆసుపత్రిలో జీతానికి పిల్లల్ని చూస్తున్నాడు.

నా ఆలోచన ఏంటో కూడా చెప్పాలి. ఒక నష్టం వచ్చింది. ఎవరో ఒకరు మొయ్యాలి. జయకృష్ణ చదువుకున్నవాడు, డాక్టరు డిగ్రీ ఎవరూ లాక్కోరు, ఇంకో ఊళ్లో బతకగలడు. నా పేరు పోతే ఐదు హోటళ్లు పోతాయి, షాపులో ఏడుగురు పోతారు. పైగా తప్పులో సగం అతనిదీ ఉంది, మనిషిని పంపలేదు కదా. ఇలా ఎటు తిప్పి చూసినా నేను మాట్లాడకపోవడమే అందరికీ తక్కువ నష్టం అని తేలింది. తేల్చింది నేనే కాబట్టి అలాగే తేలింది.

కొండలమ్మ పెద్దకర్మకి సుధామణి వెళ్తానంది. "మీరూ వస్తారా?" అని అడిగింది. పనుందన్నాను. రెండో రోజు షాపుకి వచ్చి, బ్యాగు కూడా దించకుండా నా బల్ల ముందు నిలబడింది.

"పోలరాజుగారు అన్నం ముట్టట్లేదండీ. కొడుకు శివాజీ తండ్రితో మాట్లాడట్లేదు. కర్మ దగ్గర అందరి ముందూ అన్నాడు, 'అమ్మని చంపింది డాక్టరు కాదు, నువ్వే' అని."

"ఆయనేం చేశాడు?"

"మధ్యాహ్నం రెండింటికి డాక్టరుగారు ఆయన్ని అడిగారంట, బెజవాడ తీసుకుపోతారా అని. ఆవిడ వద్దని గోల చేస్తోంటే, ఫొటో పోయాక చూద్దాంలెండి అన్నాడంట. ఆ మాట పట్టుకున్నాడు కొడుకు. ఆయనా అదే నమ్ముతున్నాడు."

నేను ఏదో సర్దుతున్నట్టు బల్ల మీద కాగితాలు కదిపాను.

"ఆ ఫైలు నేను ఎవరికీ చూపించనండీ" అంది. "నాకు ఉద్యోగం ఇచ్చింది మీరు, పని నేర్చుకోనిచ్చింది మీరు. కానీ మీరు అక్కడికి వెళ్లొచ్చేదాకా నేను షాపుకి రాను."

తాళంచెవులు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. బెదిరింపైతే బేరమాడేవాణ్ని. అది బెదిరింపు కాదు.

నష్టాన్ని జయకృష్ణ ఒక్కడే మోస్తున్నాడనుకున్నాను. పెళ్లాం పోయినవాడి నెత్తిన కూడా నా మోపు ఉందని నేను ఎక్కడా లెక్కవెయ్యలేదు. కనకలక్ష్మి అప్పటికి తమ్ముడికి ఫోన్ చెయ్యడం మానేసింది. మనిషిని చంపాడని చుట్టాలు అంటుంటే ఏం జవాబు చెప్పాలో తెలియక. ఆ మధ్యాహ్నం ఇంటికెళ్లి ఆవిడకి మొత్తం చెప్పాను. ముహూర్తం దగ్గర్నుంచి, టెలిఫోనులో మేడమ్‌గారి దాకా. వింటూ వింటూ కూర తరుగుతున్న కత్తిపీట పక్కకి జరిపింది.

"ఆఫీసరు ముందు మా వాడు మీ పక్కనే కూర్చున్నాడా?"

"ఎదురుగా."

"ఎదురుగా" అని తనలో అనుకుంది. "ముందు ఆ పోలరాజుగారి దగ్గరికెళ్లండి. తర్వాత మా తమ్ముడి దగ్గరికి. ఆ రెండూ అయ్యాక వచ్చి నాతో మాట్లాడండి. అప్పటిదాకా నన్నేం అడగొద్దు."

మే రెండో వారం. నాగాయలంకలో బస్సు దిగి ఆటో ఎక్కి పోలరాజు వాళ్ల పల్లెకి చేరేసరికి పదయింది. అప్పటికే నేల కాలుతోంది. ఎండకి గట్టు మీద పరిచిన సన్నచేపల వాసన. పోలరాజు పడవని పక్కకి వాల్చి చెక్కల సందుల్లో నీరు దూరకుండా నూలు కూరుతున్నాడు. ఎండిన మనిషి. కొడుకు శివాజీ నాలుగు పడవల అవతల, ఇటు వీపు పెట్టి, వేరే పడవకి రంగు వేస్తున్నాడు.

"ఎవరండీ?" అన్నాడు పోలరాజు.

"బసవపున్నయ్య నా పేరు. బెజవాడ. చల్లపల్లి డాక్టరుకి బావని."

చెయ్యి ఆగింది. "ఆయన పంపిచ్చాడా?"

"లేదు. ఆయనకి తెలీదు."

"మరి ఎందుకొచ్చారు? కేసూ గీసూ ఏం పెట్టలేదండీ మేం. అద్దాలు పగలగొట్టింది మావోళ్లే. దానికి ఏమైనా..."

"అందుకు కాదు."

దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూ వచ్చాను. సరుకు అమ్మేటప్పుడు ఏది ముందు చెప్పాలో, ఏది వెనక చెప్పాలో నాకు తెలుసు. అక్కడ నిలబడ్డాక ఏదీ ముందుకి రాలేదు. ఆసుపత్రిలో స్కాను బొమ్మల్ని బెజవాడ పంపే పెట్టె ఒకటుంది, అది పెట్టింది నేను, దాన్ని తప్పు పెట్టాను, తొందరపడి పెట్టాను, నెలన్నర నుంచి చెబుతున్నా చూడలేదు, అని చెప్పాను.

ఆయన విన్నాడు. "అంటే ఫొటో బెజవాడ పోలేదు."

"పోలేదు."

"డాక్టరుగారు పంపిచ్చారా?"

"మూడుసార్లు. నాకు ఫోన్ కూడా చేశాడు. ఎండ తగ్గాక పోతుందిలే అన్నాను."

"పోతే?"

"పోతే అవతల డాక్టరమ్మ వెంటనే పంపించమనేది."

"అనేదని మీకెట్టా తెలుసండీ?" గొంతు పెరగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. "మా ఆవిడ బాగా మాట్లాడిందండీ. నన్ను తిట్టింది కూడా. ఆ డాక్టరమ్మైనా, మాట్లాడుతుందిగా, ఉంచండి అనేదేమో."

"అనలేదు. మాట్లాడుతున్నా నమ్మొద్దు, ఒక్క నిమిషం ఆగొద్దు అంది. నాతోనే అంది. తొమ్మిదో రోజున నేను పెట్టె బాగు చేయించాక ఆ ఫొటో పోయింది. ఆవిడకి సంగతి తెలీదు. ఫోన్ చేసి, వెంటనే పంపించండి, రెండు గంటల్లో వస్తే భయం లేదు అంది."

పోలరాజు చేతిలో నూలు ఉండని చూసుకున్నాడు. కొంచెం విప్పాడు. మళ్లీ చుట్టాడు.

"రెండు గంటల్లో" అన్నాడు.

"అవును."

"తీసుకుపోతారా అని నన్నడిగింది రెండింటికండీ. నాలుగింటి దాకా మాట్లాడుతూనే ఉంది."

"మీరు ఫొటో పోయాక చూద్దామన్నారు. ఫొటో ఒంటిగంటన్నరకే పోవాలి. పోయుంటే మిమ్మల్ని అడిగే పనే ఉండేది కాదు. ఎత్తుకుని తీసుకుపోయేవాళ్లు. మీరు అన్నదాంట్లో తప్పేం లేదు."

కొడతాడనుకున్నాను. చేతికందేంత దూరంలో పడవ తెడ్డు ఉంది. దెబ్బ తినడానికి సిద్ధపడే వచ్చాను, నిజం చెప్పాలంటే దెబ్బతో సరిపోతుందేమోనన్న ఆశతో వచ్చాను. ఆయన తెడ్డు వైపు చూడనైనా లేదు. లేచి, లుంగీకి చేతులు తుడుచుకుని, పడవల అవతలికి కేక వేశాడు.

"రేయ్ శివాజీ!"

అతను తిరగలేదు.

"శివాజీ! ఇట్టా రారా. ఒక్కసారి రా నాయనా."

ఆ చివరి మాటకి కుంచె ఆగింది. అతను నెమ్మదిగా వచ్చాడు. ఇరవై అయిదేళ్లుంటాయి. మోచేతుల దాకా నీలం రంగు. తండ్రికి రెండు బారల దూరంలో ఆగి, తండ్రిని కాకుండా నన్ను చూశాడు.

"ఎవరీయన?"

"ఆయనే చెబుతాడు" అన్నాడు పోలరాజు. నా వైపు తిరిగాడు. ఆ కళ్లలోకి నేను చూడలేకపోయాను. "నాకు చెప్పినట్టే చెప్పండి బాబూ. ఏం వదలొద్దు. రెండు గంటలన్నది కూడా చెప్పండి. మొదట్నించి చెప్పండి."

శివాజీ కూర్చోలేదు. నేనూ నిలబడే ఉన్నాను. అతని చేతుల నుంచి రంగు బొట్లుబొట్లుగా ఇసుకలో పడుతోంది. మళ్లీ మొదట్నించి చెప్పడం మొదలుపెట్టాను.